నాన్న మ్యూజియానికి గ్రాంట్ అడగాలా, ముందు అన్నయ్యను అడగాలా?

పల్నాడు వైపు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు యాభై రెండు, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి సోషల్ మాస్టారు. నలభై ఏళ్లపాటు సైకిల్ మీద ఊళ్లు తిరిగి తాళపత్రాలు, తోలుబొమ్మలు, కుంచాలు, సోలలు, రాగి నాణేలు, రెండు వీరగల్లులు (వీరుల స్మారక శిలలు), పద్మం చెక్కి ఉన్న సున్నపురాతి ముక్క ఒకటి పోగుచేశారు. సొంత పెంకుటింట్లో ముందు రెండు గదులూ వరండా కలిపి మ్యూజియం పెట్టి, 2006లో సొసైటీగా రిజిస్టర్ చేయించారు. ఆరేళ్ల క్రితం పోయారు. వీలునామా రాయలేదు.

ఇప్పుడు సెక్రటరీ ఈవిడే. నెలకు నలభై మంది వస్తారు, ఎక్కువగా స్కూలు పిల్లలు. సొసైటీ ఖాతాలో మూడు లక్షల నలభై వేలు ఉన్నాయి. పోయిన వానాకాలం కప్పు కారి రెండు తాళపత్ర కట్టలు తడిశాయి. ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీయబోతే అంచు విరిగింది. దాంతో కమిటీ అధ్యక్షుడు కేంద్ర ప్రభుత్వం మ్యూజియాలకు ఇచ్చే గ్రాంట్‌కు రెండు కోట్లకు దరఖాస్తు పెడదామంటున్నారు. ఆయన తెచ్చిన కన్సల్టెంట్ ముందు యాభై వేలు, డబ్బు వచ్చాక అందులో పది శాతం అడుగుతున్నాడు. 'ఢిల్లీలో మనవాళ్లున్నారు' అని కూడా అన్నాడట. అమెరికాలో ఉన్న అన్నయ్యకు అక్కడి పౌరసత్వం వచ్చింది. 'ఇల్లు అమ్మేద్దాం, వస్తువులు ఏదైనా పెద్ద మ్యూజియానికి ఇచ్చేద్దాం, కావాలంటే పది లక్షలు పంపుతాను' అంటాడు. ఎనభై ఒక్కేళ్ల అమ్మ అదే ఇంట్లో వెనక గదుల్లో ఉంటుంది. 'నేనుండగా ఏ కాగితం మీదా సంతకం పెట్టను' అంటుంది. ఉత్తరం చివర ఇలా ఉంది: 'దరఖాస్తు పెట్టకపోతే నాన్న కష్టం చెదల పాలవుతుంది. పెడితే ఇంట్లో గొడవ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?'

అమ్మా,

ముందు ఆ రెండు కట్టల సంగతి. అతుక్కున్న ఆకుల్ని ఇంకెవరూ ముట్టుకోకండి. ఎండలో పెట్టకండి, ఇస్త్రీపెట్టె దగ్గరికి అసలు పోనివ్వకండి. ఒకాయన అలా ఇస్త్రీ చేసి తెచ్చిన కట్ట నేను చూశాను, అప్పడాల కట్టలా ఉంది. పాత గుడ్డ విప్పేసి, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో వదులుగా చుట్టి, గాలి ఆడే చోట నీడన పెట్టండి. గంటంతో గీసిన అక్షరంలో మసి పోయినా గీత ఉంటుంది కాబట్టి చదవడానికి వీలవుతుంది. ఆకు విరిగితే మాత్రం గీతతో సహా పోతుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ల్యాబ్ ఉంది. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలతో పనిచేసేవాళ్లున్నారు. ఫొటోలు తీసి రెండు చోట్లకీ ఉత్తరం రాయండి. దీనికి గ్రాంటూ అక్కర్లేదు, అన్నయ్య సంతకమూ అక్కర్లేదు.

ఇక గ్రాంట్. మీ ఉత్తరంలో 'మా మ్యూజియం' అన్న మాట చాలాసార్లు వచ్చింది. ఆ 'మా' ఎవరో నాకు అర్థం కాలేదు. దరఖాస్తు చూసే అధికారికీ మొదట వచ్చే అనుమానం అదే.

ఇల్లు మీ నాన్నగారి సొంతం. వీలునామా లేదు గనక హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీ అన్నయ్యకు, మీకు తలా మూడో వంతు. వస్తువులు కూడా అంతే. నాన్నగారు వాటిని సొసైటీకి ఇచ్చినట్టు ఎక్కడా కాగితం లేదని మీరే రాశారు. అంటే సొసైటీకి ఇల్లు లేదు, వస్తువులు లేవు. ఉన్నది ఒక బోర్డు, ఒక బ్యాంకు ఖాతా. పైగా రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో ఇప్పటికీ సెక్రటరీగా నాన్నగారి పేరే ఉందన్నారు. ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలన్న సంగతి ఆరేళ్లుగా ఎవరికీ గుర్తు రాలేదన్నమాట. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, చిన్న సొసైటీల్లో సగం ఇలాగే నడుస్తాయి. కానీ ఈ స్థితిలో రెండు కోట్లు అడిగితే ఫైలు మొదటి బల్ల దాటదు.

ఆ రెండు కోట్ల లెక్క కూడా చూడండి. మీరు లెక్కల టీచరు కదా. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ మ్యూజియం గ్రాంట్ పథకంలో మన రాష్ట్రాల సంస్థలకు ఖర్చులో 80 శాతం వరకు ఇస్తారు, మిగతా 20 శాతం మనం పెట్టుకోవాలి. రెండు కోట్ల ప్రాజెక్టుకు అది నలభై లక్షలు. మీ ఖాతాలో మూడున్నర లక్షలు కూడా లేవు. 'శాంక్షన్ అయ్యాక చూసుకుందాం' అని అధ్యక్షుడుగారు అని ఉంటారు. శాంక్షనై వాటా కట్టలేకపోతే పని సగంలో ఆగుతుంది. సగం కట్టిన గోడలు పెంకుటింటి కన్నా ఎక్కువ కారతాయి. అదే ఇరవై ఐదు లక్షల పనైతే మీ వాటా ఐదు లక్షలు. అది మీ ఊరు మోయగలిగిన బరువు. ఇంకో సంగతి, ఇలాంటి గ్రాంట్లు ఒకసారి చేసే పనులకే. కొత్త బిల్డింగులో ఏసీ పెడితే నెలనెలా కరెంటు బిల్లు ఎవరు కడతారు? నెలకు నలభై మంది వచ్చే చోట టికెట్ పెట్టినా వాచ్‌మన్ టీ ఖర్చు రాదు.

కన్సల్టెంట్ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) రాయడానికి, డ్రాయింగులు గీయడానికి, ఎస్టిమేట్ వేయడానికి మనిషిని పెట్టుకోవడం తప్పు కాదు. చేసిన పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని, రసీదు తీసుకుని ఇవ్వండి. వచ్చిన డబ్బులో పది శాతం అంటే అది ఫీజు కాదు. రేపు ఖర్చు లెక్క చూపేటప్పుడు ఆ పది శాతం ఏ పద్దు కింద రాస్తారు? షోకేసుల బిల్లు పెంచి రాయాలి. ఆ బిల్లు మీద సంతకం సెక్రటరీది, అంటే ప్రభుత్వ ఉద్యోగి అయిన మీది. కన్సల్టెంటుదీ కాదు, అధ్యక్షుడిదీ కాదు. ఈ ఒక్క ముక్క కమిటీలో పైకి చదవండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి సొసైటీ సెక్రటరీగా ఉన్న విషయం మీ శాఖకు తెలియజేసి, ఆ కాగితం ఫైల్లో పెట్టుకోవడం కూడా మంచిది.

లెక్కల గురించి నా అనుభవం ఒకటి. నేను పనిచేసిన ఒక చిన్న సంస్థకు గ్రాంట్ మొదటి విడత వచ్చింది. టెండర్లు ఆలస్యమై డబ్బు ఎనిమిది నెలలు సేవింగ్స్ ఖాతాలో ఉండిపోయింది. వడ్డీ వచ్చింది. 'వడ్డీయే కదా' అని దాంతో రెండు ఫ్యాన్లు, ఒక టేబుల్ కొన్నాం. గ్రాంటు మీద వచ్చిన వడ్డీని తిరిగి ప్రభుత్వానికి జమ చేయాలన్న నిబంధన మాలో ఎవరూ చదవలేదు. రెండో విడత ఏడాదిన్నర ఆగింది. కొన్న ఫ్యాన్ల కింద కూర్చుని సంజాయిషీలు రాశాం. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం జీఎఫ్ఆర్ 12-ఏ అనే ప్రభుత్వ ఫారంలో ఇవ్వాలి, ఆ డబ్బుతో కొన్న ప్రతి వస్తువుకూ రిజిస్టరు ఉండాలి, అనుమతి లేకుండా వాటిని అమ్మకూడదు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. లెక్కలు రాయడం వచ్చిన మనిషి ఒకరుంటే గ్రాంట్ బరువు కాదు. మీ కమిటీలో అలాంటి మనిషి మీరే అనుకుంటాను.

ఇప్పుడు ఇంటి సంగతి. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ముగ్గురూ కలిసి ఇంటి ముందు భాగాన్ని సొసైటీకి దానంగా రాసివ్వడం. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇద్దరు సాక్షులు కావాలి. గ్రాంట్‌కు ఇంతకన్నా గట్టి కాగితం లేదు. కానీ ఒకసారి రాసిచ్చాక అది మీది కాదు. పదేళ్ల తర్వాత కమిటీ మారి, కొత్తవాళ్లు ఆ గదుల్లో కల్యాణ మండపం ఆఫీసు పెట్టినా మీరు అడిగేదేమీ ఉండదు, బైలాస్‌లో (సొసైటీ నియమావళిలో) ముందే కట్టుదిట్టం చేసుకుంటే తప్ప. మీ అమ్మగారి భయం బహుశా ఇదే. ఆవిడ మొండితనం అని మీరు రాసింది నాకు మాత్రం లోకజ్ఞానంలా కనిపించింది.

రెండోది లీజు. ముందు రెండు గదులూ వరండా మాత్రమే, ముప్పై ఏళ్లకు, ఏడాదికి రూపాయి అద్దె మీద. ఏడాది దాటిన లీజు కూడా రిజిస్టర్ చేయించాల్సిందే. ఇల్లు మీ ముగ్గురిదిగానే ఉంటుంది, అమ్మగారి వెనక గదుల జోలికి ఎవరూ రారు. అన్నయ్య భారతదేశానికి రాకపోయినా అక్కడి మన కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, ప్రైవేటు వ్యక్తుల ఇంటి మీద ప్రభుత్వ డబ్బు పెట్టడానికి అధికారులు వెనకాడతారు, అందులోనూ ఆ వ్యక్తి సెక్రటరీయే అయినప్పుడు. కాబట్టి లీజు దారిలో గ్రాంట్ కింద గోడలు, కప్పు అడగకండి. షోకేసులు, లైట్లు, తాళపత్రాల సంరక్షణ, డిజిటైజేషన్ లాంటివి అడగండి. దరఖాస్తు పెట్టే ముందు మంత్రిత్వ శాఖ తాజా మార్గదర్శకాల్లో లీజు గురించి ఏముందో అక్షరం అక్షరం చదవండి, ఈ షరతులు మారుతుంటాయి.

మరి కప్పు? అది మీ అన్నయ్యగారి పది లక్షల్లో ఉంది. ఆయన అమెరికా పౌరుడు కనక ఆయన సొసైటీకి పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ సొసైటీ అందులో ఒక్క డాలరు తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు గత మూడేళ్లలో కనీసం పదిహేను లక్షలు ఖర్చు పెట్టిన చరిత్ర చూపాలి, అది మీకు లేదు. 'నా ఖాతాకు పంపితే నేను సొసైటీలో వేస్తాను' అన్న ఆలోచన మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది. ఆ వాక్యాన్ని కొట్టేయండి. కానీ ఇల్లు సొసైటీది కాదు. మూడో వంతు ఆయనది. తన సొంత ఇంటికి, తల్లి ఉంటున్న ఇంటికి కప్పు బాగుచేయించుకోవడం విరాళం కాదు. పెంకులు దించి, వాసాలు మార్చి, మళ్లీ నేయించే పని వచ్చే వానల లోపల అయిపోతుంది. ఢిల్లీ నుంచి ఏ కాగితం కదలక ముందే. ఎంత వరకు ఎలా పంపాలో మీ ఆడిటర్‌తో ఒక్క మాట అడగండి. అన్నయ్యతో గ్రాంట్ గురించి మాట్లాడకుండా అమ్మ పడుకునే గదిలో కారుతున్న చోటు వీడియో కాల్‌లో చూపించండి. మ్యూజియం మాట తర్వాత.

మూడో దారి ఆయన అంటున్నదే, పెద్ద సంస్థకు ఇచ్చేయడం. మీకు కోపం వచ్చిందని తెలుస్తోంది కానీ అందులో సగం న్యాయం ఉంది. తాళపత్రాలకు చల్లటి, తేమ నిలకడగా ఉండే గది కావాలి. పెంకుటింట్లో ఎంత చేసినా అది కష్టం. వాటి వరకు తిరుపతి లాంటి చోట భద్రపరచి, డిజిటల్ ప్రతులు మీ దగ్గర ఉంచుకోవచ్చు. దానమా, నిర్ణీత కాలానికి అప్పగింతా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. మిగతావాటి విషయంలో మాత్రం నేను మీ పక్షం. పెద్ద చోటుకు వెళ్లినంత మాత్రాన వస్తువు క్షేమంగా ఉంటుందని లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ ఉన్నాయి. తర్వాత కొన్ని 1859లో లండన్‌కు ఓడెక్కాయి. మీ కుంచం, సోల హైదరాబాదు వెళితే గోడౌన్లో పెట్టెకెక్కుతాయి. మీ ఊళ్లో అయితే ఏడో తరగతి పిల్లాడు 'మా నాయనమ్మ దగ్గర ఇలాంటిదే ఉంది' అంటాడు.

రెండు రకాల వస్తువుల గురించి జాగ్రత్త. ఆ పద్మం చెక్కిన రాయి, వీరగల్లులు వందేళ్లు దాటిన శిల్పాలు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద ప్రైవేటు వ్యక్తి దగ్గరున్నా, సొసైటీ దగ్గరున్నా రిజిస్ట్రేషన్ ఉండాలి. నాణేలు ఒక రైతు పొలంలో కుండలో దొరికాయని, నాన్నగారికి ఊరికే ఇచ్చాడని రాశారు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఆ పది రూపాయలు ఇప్పటికీ పదే. దరఖాస్తు జాబితాలో నాణేలు రాయకుండా దాచమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. లాయరును ఒకసారి కలిసి, రాష్ట్ర పురావస్తు శాఖకు మీరే ఉత్తరం రాయండి. వాళ్లు నాణేలు తీసుకుపోయే అవకాశం ఉంది, లేదని చెప్పను. కానీ మీరు చెప్పి పోగొట్టుకున్న నాణేలు వేరు, తనిఖీలో దొరికిన నాణేలు వేరు.

గ్రాంట్ ఈ ఏడాది వద్దనుకుంటే ఇంకో తలుపు ఉంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే డబ్బు, పెట్టదగిన పనుల్లో వారసత్వ సంపద, కళ, సంస్కృతి రక్షణ కూడా ఉంది. కంపెనీలు తాము నడిచే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. మీ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు లోటు లేదు. దీనికీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అని పిలిచే నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. కేంద్ర గ్రాంట్‌కైతే స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో పేరుండాలి. ఏ తలుపు కొట్టినా ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్నగారి పేరు స్థానంలో మీ పేరు ఎక్కాలి, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉండాలి. చివరి తేదీ అని అధ్యక్షుడుగారు తొందరపెడితే ఈ వరస ఆయన ముందు పెట్టండి. ఆయనకు కొత్త బిల్డింగు మీద శిలాఫలకం కావాలి. మనుషులకు ఆ కోరిక సహజం, చిన్నచూపు చూడకండి. షోకేసుల గది మీద కూడా శిలాఫలకం పడుతుంది.

నాన్నగారి పేరు పోతుందేమో అన్న మీ భయానికి నా దగ్గర పెద్ద మాటలు లేవు. ఒక పని చెబుతాను. వేసవి సెలవుల్లో ఒక పొడవాటి గట్టి అట్ట రిజిస్టరు కొనండి. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, కొలతలు, ఎవరు ఇచ్చారు, ఏ ఊరు, ఏ ఏడాది, ఇప్పుడు ఎలా ఉంది, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో. నంబరు వస్తువు మీద కనిపించని చోట చిన్నదిగా, తర్వాత చెరిపేయడానికి వీలుగా రాయాలి. తోలుబొమ్మలకు, తాళపత్రాలకు మాత్రం మీద రాయకుండా దారంతో చీటీ కట్టండి. దేశంలోని మ్యూజియాల కోసం కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసిన 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రిజిస్టరు సిద్ధంగా ఉంటే అందులోకి ఎక్కించడం తేలిక. గ్రాంట్ దరఖాస్తుకు అతి ముఖ్యమైన జతపత్రమూ ఇదే. వస్తువుల జాబితా చూపించలేని మ్యూజియాన్ని ఎవరూ నమ్మరు.

ఆ రిజిస్టరుకు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ కుంచం ఎవరింటి నుంచి వచ్చింది, ఏ తోలుబొమ్మ కోసం నాన్నగారు ఎండలో ఎంత దూరం సైకిల్ తొక్కారు, ఇంటికొచ్చాక ఆవిడ ఏం తిట్టారు, ఇవి తెలిసింది ఈ భూమ్మీద ఆవిడకు ఒక్కరికే. 'ఎవరు ఇచ్చారు' అన్న గడిలో ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి. ఒక వంద వస్తువులు అయ్యాక ఆ పేజీల ఫొటోలు అన్నయ్యకు పంపండి. లీజు సంగతి అప్పుడు ఆవిడనే మాట్లాడనివ్వండి.